తిట్టు ఆగిన మలుపు

హారన్ మాస్టారు తిట్టడం మానేసిన రోజునే పోయాడు. తెలిసినవాళ్లంతా దీన్ని ఒక వింతగా చెప్పుకున్నారు. "పాపం, నోరు కట్టేసుకుంటే ప్రాణం నిలవలేదు" అని నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. అయితే తిట్లు మానేశాక పోయాడా, పోయాడు కాబట్టే తిట్లు ఆగాయా అన్నది ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి పెద్ద సిస్టర్. ఆవిడ చాన్నాళ్లు నోరు విప్పలేదు.

పెద్ద సిస్టర్ అంటే ఆసుపత్రిలో మగవాళ్ల వార్డుకి హెడ్ నర్సు. నలభై దాటి చాలా కాలమైన మనిషి. ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, మంచం మీద దొంగచాటుగా సిగరెట్ వెలిగించబోయినవాడు దాన్ని దిండు కిందకి తోసేసేవాడు. కొత్త డాక్టర్లు కూడా ఆవిడ మొహం ఓసారి చూసుకునే మందు రాసేవాళ్లు. అలాంటి మనిషికి ఆ వయసులో కారు నేర్చుకోవాల్సిన అవసరం పడింది. మంచాన పడ్డవాళ్లని ఇళ్లకే వెళ్లి చూసే పని ఆసుపత్రివాళ్లు కొత్తగా మొదలుపెట్టారు. ఆవిడకి ఆ పని కావాలి, ఎందుకంటే రోజంతా వార్డులో నిలబడ్డం ఇక మా వల్ల కాదని మోకాళ్లు మొరాయిస్తున్నాయి. కారు మేమిస్తాం, నడపడం మీరు నేర్చుకురండి అన్నారు పైవాళ్లు.

డ్రైవింగ్ స్కూలు రైలు కట్ట పక్కన, పాత గోదాముల ముందున్న ఖాళీ జాగాలో ఉండేది. ఓ రేకుల గది, ఓ బల్ల, పక్క సీటు కింద కూడా బ్రేకు బిగించిన ఓ తెల్ల కారు. అంతే స్కూలు. మాస్టారు మాత్రం ఊరంతటికీ తెలుసు. ఆయన గొంతు కారు హారన్ కంటే ముందు వినిపించేదని ఆ పేరు పెట్టారు. ఎక్కినవాళ్లు పెద్ద ఉద్యోగులైనా, చిన్న ఉద్యోగులైనా, అద్దం దించి ఉన్నా, మూసి ఉన్నా ఆయనకి లెక్కలేదు. గేరు తప్పితే ఒక తిట్టు, క్లచ్చి తొందరగా వదిలితే ఇంకోటి. బ్రేకుకి బదులు యాక్సిలరేటర్ తొక్కినవాళ్లకి దక్కేవి ఇక్కడ రాయడానికి వీల్లేనివి. అవి విన్నవాళ్లు ఇంటికెళ్లి భార్యకి కూడా చెప్పేవాళ్లు కాదు.

"పెద్దవాళ్లని పట్టుకుని ఆ మాటలేమిటండీ?" అని ఓ లెక్కల టీచరమ్మ నిలదీసింది ఒకసారి. "నేను పిల్లల్ని కూడా 'ఒరేయ్' అనను, తెలుసా?"

"పిల్లల్ని తిడితే పాపం తల్లీ. వాళ్లకి భయముంటుంది," అన్నాడు మాస్టారు. "మీరు ముదిరిన ఘటాలు. మీకు అన్నీ తెలుసు. మెత్తగా చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. లారీ ఎదురొచ్చినప్పుడు నేను 'అండీ, దయచేసి బ్రేకు నొక్కండీ' అనేలోపు ఇద్దరం పైకి పోతాం."

టీచరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని దిగిపోయింది, మళ్లీ రాలేదు. ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్లకీ కొదవ లేదు. మార్కెట్ వీధిలో పళ్ల డాక్టరైతే, "ఆ తిట్లే లేకపోతే నేను ఈ జన్మలో గేరు మార్చేవాణ్ణి కాదు. మర్యాదగా చెబితే మర్యాదగా మర్చిపోతాం," అని అందరికీ చెప్పేవాడు.

అందరికంటే ఎక్కువ బాధపడింది మాస్టారి కూతురు. తల్లి లేని పిల్ల, ఒక్కతే సంతానం. రేకుల గదిలో కూర్చుని వచ్చినవాళ్లకి వేళలు చెప్పడం ఆ అమ్మాయి పని. బయట నుంచి తండ్రి గొంతు వినిపించినప్పుడల్లా తలవంచుకుని బల్ల గీరుతూ కూర్చునేది. సొంత తండ్రికి స్కూలుంటే, ఆ నోటికి జడిసి, వేరే చోట కారు నేర్చుకుందంటే చూడండి మరి.

సిస్టర్ మొదట్లో ఓర్చుకుంది. గాడిద అన్నాడు, సరే. తలమాసినదానా అన్నాడు, అదీ సరే. వార్డులో నొప్పికి తాళలేక రోగులు అంతకంటే ఘోరంగా తిడతారు, ఆవిడకి కొత్త కాదు. "రోడ్డు చూడు! నా మొహంలో ఏముంది, సినిమా ఆడుతోందా?" అని అరిచేవాడు ఆవిడ పక్కకి తిరిగినప్పుడల్లా. ఆ తిట్టు పడీ పడీ చివరికి ఆవిడ మెడ పక్కకి తిరగడం మానేసింది. పక్కన బాంబు పేలినా ముందుకే చూసేంతగా తయారయింది.

కానీ ఓ రోజు, మార్కెట్ దగ్గర బండి ఆగిపోయి వెనక వరసంతా హారన్లు మోగిస్తుంటే, మాస్టారు ఆవిడ తల్లిని పట్టుకుని ఓ మాట అనేశాడు. తల్లి పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. సిస్టర్ బండిని పక్కకి తీసి, తాళం తిప్పి ఆపేసింది.

"మాస్టారూ, నన్నేమైనా అనండి. మా అమ్మ జోలికి రాకండి," అంది. "నేను రోజూ చావుబతుకుల మధ్య పనిచేసే మనిషిని. నాకూ ఓ మర్యాద ఉంది. రేపటి నుంచి మీ నోట ఒక్క తిట్టు వచ్చినా నేను దిగి వెళ్లిపోతాను."

మాస్టారు నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాల్లేని ఆ మొహం చూస్తే ఏ పెద్ద తాతగారో అనిపించింది ఆవిడకి.

"మా అమ్మాయి కూడా ఇదే మాట అంటోందమ్మా," అన్నాడు. "నువ్వు నోరు అదుపులో పెట్టుకోకపోతే నేను ఇంట్లోంచి పోతానని మొన్ననే చెప్పింది. తప్పయిపోయింది. మీ అమ్మగారిని అనకూడదు. రేపటి నుంచి నోరు కుట్టేసుకుంటాను, చూడండి."

మర్నాడు పొద్దున సిస్టర్ వెళ్లేసరికి మాస్టారు అప్పటికే పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నెత్తిన టోపీ, కళ్లకి నల్లద్దాలు, రోజూ ఉన్నవే.

"రండమ్మా, కూర్చోండి. అద్దం సరిచేసుకోండి. పదండి," అన్నాడు.

ఆ 'అండి'లు వింటుంటే ఆవిడకే ఇబ్బందిగా అనిపించింది. మాటకీ మాటకీ మధ్య ఆయన గుటకలు మింగుతున్నాడు. నుదురు చెమటతో తడిసి ఉంది. ఎడమ భుజం రెండోచేత్తో నొక్కుకుంటున్నాడు. ఆవిడ ఇదంతా చూసింది. చూసి, పాపం తిట్లు లోపల పెట్టుకోవడం ఈయనకి ఎంత కష్టంగా ఉందో అనుకుంది! ఇన్నేళ్లు నర్సు పని చేసిన మనిషి, చెమటా భుజం నొప్పీ కనిపిస్తే చెయ్యి పట్టుకుని నాడి చూడాల్సిన మనిషి, లోలోపల నవ్వుకుంది.

గోదాముల వీధి దాటారు. రైలు వంతెన కింద కుడివైపు మలుపు ఉంది. అక్కడ సిస్టర్ స్టీరింగ్ కాస్త ఆలస్యంగా తిప్పింది. టైరు గట్టుకి బర్రున రాసుకుంది.

"నీ దుంప..." అన్నాడు మాస్టారు.

అక్కడితో ఆగిపోయాడు.

నాలుక కరుచుకున్నాడు పాపం, అనుకుంది సిస్టర్. నవ్వొచ్చింది, ఆపుకుంది. పక్కకి మాత్రం చూడలేదు. రోడ్డు చూడమని నేర్పింది ఆయనే కదా.

వంతెన దాటాక రోడ్డు ఆసుపత్రి వెనక గేటు ముందు నుంచి పోతుంది. అత్యవసర కేసులు తెచ్చే గేటు అది. అక్కడ వాచ్‌మన్ ఆవిడని కారులో చూసి, కళ్లు పెద్దవి చేసుకుని, సరదాగా సెల్యూట్ కొట్టాడు. ఆవిడ స్టీరింగ్ మీద నుంచి ఓ చెయ్యి తీసి ఊపింది. ఒంటిచేత్తో నడపడం మాస్టారి దగ్గర మహాపాపం, దానికి వేరే తిట్టే ఉంది. పడుతుందేమోనని మెడ కుదించుకుంది. పడలేదు. ఆహా, ఎంత గొప్ప మనిషి, మాట మీద నిలబడ్డాడు, అనుకుంది.

ఆ తర్వాత ఆవిడకి రెక్కలొచ్చినట్టయింది. గేర్లు నూనె రాసినట్టు పడ్డాయి. మార్కెట్ చుట్టూ ఎవరికీ తగలకుండా, ఎక్కడా ఆగకుండా తిప్పుకొచ్చింది. ఇన్నాళ్లూ చేతులు వణికించింది ఆ తిట్లే అని ఆవిడకి రూఢి అయింది.

"చూశారా మాస్టారూ," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "తిట్టకపోతే ఎంత బాగా నడుపుతున్నానో!"

ఆయన ఏమీ అనలేదు. ఒప్పుకోవడానికి నామోషీ కాబోలు అనుకుంది.

జాగాలోకి తీసుకొచ్చి, రేకుల గది ముందు గీత గీసినట్టు నిలబెట్టి, తాళం తిప్పింది. "ఎలా ఉంది?" అంటూ అప్పుడు తిరిగి చూసింది. బెల్టు పట్టి ఉంచబట్టి మాస్టారు కూర్చునే ఉన్నాడు. గడ్డం గుండెకి ఆని ఉంది. చెయ్యి పట్టుకోగానే, ఇది ఇప్పుడు జరిగింది కాదని ఆవిడకి తెలిసిపోయింది.

ఆపైన చెయ్యాల్సినవన్నీ చేసింది. కిందకి దించింది, గుండె మీద రెండు చేతులతో నొక్కింది, అరిచింది. కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏ గేటు ముందు నుంచి చెయ్యి ఊపుకుంటూ పోయిందో అదే గేటు లోంచి ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపి, "ఎప్పుడు పడిపోయారు?" అన్నాడు.

"ఇప్పుడే. జాగాలోకి వచ్చాక," అంది సిస్టర్. ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

వరండాలో కూతురు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "ఆంటీ, నిన్న సాయంత్రం నాన్న నాకు మాటిచ్చాడు. ఇక ఎవర్నీ ఏమీ అననన్నాడు. మళ్లీ ఏమైనా అన్నాడా? నిజం చెప్పండి."

ఆ పిల్ల మొహంలోకి చూస్తే నిజం చెప్పడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది?

"లేదమ్మా. ఒక్క మాట అనలేదు," అంది సిస్టర్. "నవ్వుతూనే ఉన్నారు. 'బాగా నడుపుతున్నావమ్మా' అన్నారు. అంతే, తల వాల్చేశారు."

అమ్మాయి భోరుమంది. కానీ ఆ ఏడుపులో ఎక్కడో గుండె బరువు దిగిన చప్పుడుంది. రోజూ ఏడ్చేవాళ్లని చూసే సిస్టర్‌కి అది తెలుస్తుంది. ఆవిడ చెప్పిన అబద్ధం అప్పటి నుంచీ ఆ పిల్లకి ఊతకర్ర అయి కూర్చుంది, ఇక లాగేయడానికి లేకుండా.

తర్వాత స్కూలు అమ్మాయే నడిపింది. గది ముందు కొత్త బోర్డు పెట్టించింది. 'ఇచ్చట మర్యాదగా నేర్పబడును' అని. లెక్కల టీచరమ్మ కూడా తిరిగొచ్చిందట. చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజునే ఆ అమ్మాయి తండ్రి సంగతి చెప్పేది. "మా నాన్న జీవితమంతా తిట్టాడండీ. ఆఖరి రోజు నా కోసం మానేశాడు. ఆయన ఆఖరి మాట ఏంటో తెలుసా? బాగా నడుపుతున్నావమ్మా." ఓసారి వార్డులో ఎవర్నో చూడ్డానికి వచ్చిన పళ్ల డాక్టరు, "మీరు అదృష్టవంతులు సిస్టర్, ఆయన నోట మెప్పు అందుకున్నది మీరొక్కరే," అన్నాడు. ఆవిడ ట్రే తీసుకుని పక్క మంచం వైపు వెళ్లిపోయింది.

అక్కడి నుంచి ఆవిడకి నిశ్శబ్దమంటే భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ వార్డు ప్రశాంతంగా ఉంటే సంతోషించిన మనిషి, ఇప్పుడు అరవకుండా పడుకున్న రోగి కనిపిస్తే పరిగెత్తుకెళ్లి నాడి చూసేది. కాలు విరిగిన లారీ డ్రైవరొకడు పొద్దస్తమానం బూతులు తిడుతుంటే ఆవిడకి ప్రాణం హాయిగా ఉండేది. అతని మంచం పక్కనే నిలబడి మిగతా పనులు చేసుకునేది. మధ్యాహ్నం భర్త కునుకు తీస్తే ముక్కు కింద వేలు పెట్టి చూసేది.

"ఏమిటే, పోయానో లేదో చూస్తున్నావా?" అనేవాడాయన కళ్లు తెరవకుండానే. "పింఛను కోసం మరీ అంత తొందరైతే ఎలా?"

ఆవిడ నవ్వేది కాదు. ఆయన జోకులు మానేసి ఆవిడ వైపు చూడ్డం మొదలుపెట్టాడు.

ఇక ఆ గొంతు. అది ఎక్కడ పడితే అక్కడ వినిపించేది. రోగి చేతికి కట్టిన రక్తపోటు పట్టీలోంచి గాలి దిగిపోతున్నప్పుడు, లిఫ్టు ఆగి తలుపు తెరుచుకోబోయే ముందు, కుళాయి కట్టేసిన వెంటనే. 'నీ దుంప' అని. అంతే. ఆ మిగతా ఒక్క ముక్కా వచ్చేది కాదు. దానికోసం ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడేది. తెగ అని అనేస్తే పోతుంది కదా, ఆ ఒక్క ముక్కా అనేసి పోవచ్చు కదా మాస్టారూ, అని లోపల బతిమాలుకునేది. సగం తిట్టు చెవిలో అలాగే వేలాడేది.

నెలాఖరులోగా లైసెన్సు తెస్తే సరి, లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని ఆసుపత్రివాళ్లు తేల్చి చెప్పారు. ఊళ్లో ఇంకో స్కూలు చూసుకుందామనుకుంటూ ఉండగానే మాస్టారి కూతురు ఫోన్ చేసింది.

"మీరు నాన్న ఆఖరి శిష్యురాలు ఆంటీ. మీకు మిగిలింది నేనే నేర్పుతాను. కాదనకండి."

కాదనలేకపోయింది. ఈసారైనా నిజం చెప్పేయాలి అనుకుని బయల్దేరింది. చెబితే ఆ పిల్ల ఏమైపోతుందో అనుకుంటూ బస్సులో సగం దూరంలోనే మనసు మార్చుకుంది.

అదే కారు. అదే పక్క సీటు. బెల్టు మీద ఆయన చెమట మరక ఇంకా పోలేదని ఆవిడకి అనిపించింది. అక్కడ కూర్చున్న అమ్మాయి చక్కగా నవ్వి, "నెమ్మదిగా వెళ్దాం ఆంటీ. మర్చిపోయినా పర్లేదు," అంది.

బండి కదిలింది. ఆ పిల్లది మెత్తటి గొంతు. "క్లచ్చి కొంచెం మెల్లగా వదలండి ఆంటీ," అని, ఆవిడ సరిగ్గా వదిలితే ఊరుకునేది. తప్పు లేకపోతే మాట లేదు. ఆ ఊరుకోవడమే సిస్టర్‌కి ఊపిరాడనివ్వలేదు. మొదటిసారి ఊరుకున్నప్పుడు టక్కున పక్కకి చూసింది. రెండోసారి అడిగేసింది.

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నానాంటీ. ఎక్కడికి పోతాను? మీరు రోడ్డు చూడండి."

చూసింది. గోదాముల వీధిలోకి తిప్పింది. మళ్లీ నిశ్శబ్దం. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు అడుగున ఆ గొంతు మొదలయింది. 'నీ దుంప.' పక్కనున్నది ఎవరో, ఊపిరి ఉన్నదో లేదో చూడకుండా ఉండలేకపోయింది. తల పూర్తిగా తిప్పింది.

"ఒసే దరిద్రపు మొహమా! రోడ్డు చూడవే! నా మొహంలో ఏముంది, సినిమా ఆడుతోందా!"

అరుపుతోపాటే అమ్మాయి కాలు తన వైపు బ్రేకు మీద పడింది. కారు గుంజుకుని ఆగింది. ఎదురుగా, గోదాములోంచి పెట్టెల తోపుడుబండితో బయటికొచ్చిన మనిషి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పై ప్రాణాలు పైనే పోయాయి అతనికి. ఇద్దరికీ కలిపి ఓ చూపు విసిరి, బండి తోసుకుంటూ పోయాడు.

సిస్టర్ వణుకుతున్న చేతులతోనే కారుని పక్కకి పెట్టింది. అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

"సారీ ఆంటీ. ఛీ, నా నోరు పడిపోను! ఎప్పుడూ ఇలా అనలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో..." అంటూ ఏడుపందుకుంది. "ఆ గొంతు కూడా నాది కాదు. నాన్నదే. ఆయనైతే చివరికి మానేసి చూపించాడు. బోర్డు పెట్టుకుని మరీ నేను తిడుతున్నాను. ఆయన కాలిగోటికి సరిపోను."

ఇక సిస్టర్ వల్ల కాలేదు. ఆ పిల్ల తనని తాను కొట్టుకుంటున్న కర్ర ఈవిడ చెప్పిన అబద్ధమే మరి.

"మీ నాన్న మానలేదమ్మా," అంది.

అమ్మాయి చేతులు దించింది.

"నేను అబద్ధం చెప్పాను. బాగా నడుపుతున్నావని ఆయన అనలేదు. జాగా దాకా నవ్వుతూనూ రాలేదు. అదిగో, ఆ వంతెన కింద మలుపు దగ్గర టైరు గట్టుకి రాసుకుంది. 'నీ దుంప' అన్నారు. సగంలో ఆగిపోయారు. మాటిచ్చారు కదా, నాలుక కరుచుకున్నారనుకున్నాను. అప్పుడే పోతున్నారని నాకు తెలియలేదు. నేను పక్కకి చూడలేదు. తిట్టలేదని సంబరపడుతూ మార్కెట్ చుట్టూ తిప్పాను. మీ నాన్నతో మాట్లాడాను కూడా."

"వంతెన దగ్గరా?" అంది అమ్మాయి. "మరి ఆసుపత్రి గేటు?"

"దాని ముందు నుంచే తీసుకుపోయాను. వాచ్‌మన్‌కి చెయ్యి ఊపాను."

"ఆపి ఉంటే?"

"బతికేవారేమో. బతకకపోయేవారేమో. నాకు తెలీదు తల్లీ. వార్డులో అందరి నాడీ చూస్తాను, ఆయనది చూడలేదు. ఎక్కినప్పుడే చెమట చూశాను, భుజం నొక్కుకోవడం చూశాను. అయినా చెయ్యి పట్టుకోలేదు. రోజూలాగా తిడుతూ ఉండి ఉంటే, ఆ తిట్టు ఆగిన క్షణమే నాకు తెలిసేది. తిట్టొద్దని అడిగింది నేనే."

అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. సిస్టర్ ఆ నిశ్శబ్దాన్ని భరించింది. భరించక తప్పదు, అది తనకి రావాల్సిందే అనుకుంది. బయట గోదాము తలుపు ఎవరో గరగరమని దించుతున్నారు.

"నీ దుంప అన్నాడా?" అంది చివరికి అమ్మాయి.

"అవును."

"రోజూ నన్ను నిద్ర లేపేది అలాగే. 'నీ దుంప తెగ, లేవ్వే, ఎండెక్కింది' అని. బయట తిట్టే తిట్లు వేరు. అది ఇంటి తిట్టు." అమ్మాయి మొహం తుడుచుకుంది. ఇంకా తడి పోలేదు. "మీరొక్కరే అడగలేదు ఆంటీ. నేను ఇంట్లోంచి పోతానని బెదిరించాను. నాకు మర్యాద కావాల్సి వచ్చింది, మీకూ మర్యాద కావాల్సి వచ్చింది. ఇద్దరం కలిసి ఆయన నోరు నొక్కేశాం."

"అలా అనకు తల్లీ. నువ్వేం చేశావు?"

"ఏం అనాలో నాకు చెప్పకండి." ఆ మాట చాలా మర్యాదగానే అంది. అందుకే అది ఎక్కువ తగిలింది. ఓ నిమిషం కిటికీలోంచి బయటికి చూసి, "బండి తియ్యి," అంది.

ఆంటీ లేదు, అండి లేదు. సిస్టర్ తాళం తిప్పింది.

"క్లచ్చి. క్లచ్చి తొక్కమంటుంటే నీక్కాదూ! ఆ చేతులేంటి, పిండి పిసుకుతున్నావా? గట్టిగా పట్టుకో. అద్దం చూశావా? నెత్తి మీద కళ్లు పెట్టుకు బయల్దేరతారు, దున్నపోతుల్లాగా..." అమ్మాయి తిడుతూనే ఉంది. ఏడుస్తూ తిడుతోంది. తండ్రి తిట్లన్నీ వరసగా వస్తున్నాయి, ఇన్నేళ్లూ తలవంచుకుని బల్ల గీరుతూ విన్నవన్నీ. సిస్టర్ ఒళ్లంతా చెవులు చేసుకుని వింది. మాస్టారు పోయాక మొదటిసారి ఆవిడ చేతులు స్టీరింగ్ మీద వణకలేదు. పక్కకి చూడాల్సిన అవసరమే లేకపోయింది. తిట్టు వినిపిస్తోంది కదా, మనిషి ఉన్నట్టే.

వంతెన వచ్చింది. పైన రైలు పోతోంది. నీడలోకి వెళ్లారు.

"తిప్పు! తిప్పవే మొద్దూ, గట్టుకి కొడతావు మళ్లీ! నీ దుంప..." అంది అమ్మాయి.

ఆగిపోయింది.

సిస్టర్ బ్రేకు తొక్కేసింది. మలుపు మధ్యలో, రోడ్డుకి అడ్డంగా కారు ఆగిపోయింది. ఆవిడ అప్పటికే పక్కకి తిరిగి ఉంది, వేళ్లు అప్పటికే ఆ పిల్ల మెడ పక్కన ఉన్నాయి. చర్మం వెచ్చగా ఉంది. వేళ్ల కింద నాడి తప్పకుండా, గట్టిగా కొట్టుకుంటోంది. అమ్మాయి కళ్లు తెరిచే ఉన్నాయి. ఆవిడ వైపే చూస్తున్నాయి.

"ఇక్కడేనా?" అంది అమ్మాయి.

"ఇక్కడే."

వెనక హారన్లు మొదలయ్యాయి. సిస్టర్ చెయ్యి తీయబోయింది. అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని అక్కడే అదిమి పెట్టింది.

"ఆ రోజు ఇలా చూడాల్సింది కదా ఆంటీ," అంది. "ఇప్పుడు చూడు. తీయకు. బాగా చూడు."

వెనక లారీవాడు దిగి వచ్చాడు. అద్దం మీద అరచేత్తో దబదబా బాది, లోపల ఉన్నది ఇద్దరు ఆడవాళ్లన్న ఇంగితం కూడా లేకుండా నోటికొచ్చినట్టల్లా తిట్టాడు. ఒక్క తిట్టు కూడా సగంలో ఆపలేదు. సిస్టర్ చెయ్యి అక్కడే ఉంది.